ఎంత లావు, ఎంత పొడవు: ఇన్‌టేక్ రన్నర్ వెనుక టార్క్ లెక్క

1960లో క్రైస్లర్ 300ఎఫ్ కారులో 413 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.8 లీటర్ల వీ8 ఇంజిన్ ఉండేది. దాని మీద, సిలిండర్లకు గాలి అందించే పొడవాటి గొట్టాలు అడ్డంగా ఒకదానినొకటి దాటుకుంటూ పరుచుకుని ఉండేవి. ఒక్కొక్కటి 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు. మామూలు కొనుగోలుదారుకు అమ్మిన 375 హార్స్‌పవర్ ఇంజిన్ 2,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సుమారు 671 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చేది. దానికే 400 హార్స్‌పవర్ రకం కూడా ఉండేది. బయటి నుంచి చూస్తే అవే గొట్టాలు, అదే పొడవు. లోపల మాత్రం పక్కపక్క గొట్టాల మధ్య గోడను సగం మేర తీసేశారు. దాంతో విడివిడి దారిగా పనిచేసే పొడవు 15 అంగుళాలకు తగ్గింది. టార్క్ 630 దగ్గరికి దిగి, దాని శిఖరం 3,600 ఆర్‌పీఎంకు జరిగింది. పవర్ పెరిగింది, కింది స్థాయిలో లాగే బలం తగ్గింది.

గాలిని పంపులా లోపలికి కుక్కే టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేని ఇంజిన్‌లో ఇన్‌టేక్ రన్నర్ కొలతలు ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. రన్నర్ అంటే గాలి నిల్వ ఉండే పెట్టె, అంటే ప్లీనమ్, నుంచి ఒక్కో సిలిండర్ వాల్వ్ దాకా వెళ్లే గొట్టం. అది చూడటానికి ఉత్త గొట్టమే. కానీ ఇంజిన్ ఏ వేగం దగ్గర గట్టిగా లాగాలో నిర్ణయించడంలో, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ తరువాతి మాట దానిదే.

టార్క్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక్కో ఇన్‌టేక్ స్ట్రోక్‌లో సిలిండర్‌లో ఎంత బరువు గాలి చిక్కిందన్న దాని నుంచే ప్రధానంగా వస్తుంది. ఆ గాలికి తగ్గ ఇంధనం కలుపుతాం, అది మండి పిస్టన్‌ను తోస్తుంది. 500 సీసీ సిలిండర్‌లో బయటి సాంద్రతతోనే 500 సీసీ గాలి నిండితే దాన్ని నూరు శాతం వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. మామూలు ఇంజిన్ చాలా వేగాల దగ్గర దీనికి తక్కువే నింపుతుంది. శ్రద్ధగా కొలతలు కుదిర్చిన ఇంజిన్ మాత్రం, ఏ పంపూ లేకుండానే, ఒక వేగం దగ్గర నూరు దాటుతుంది. ఆ అదనపు గాలి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కదిలే గాలికి ఉన్న ఊపు, రెండోది గొట్టంలో తిరిగే ఒత్తిడి అలలు. లావు ప్రధానంగా మొదటిదానికి సంబంధించినది, పొడవు ప్రధానంగా రెండోదానికి. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉండటమే అసలు చిక్కు.

లావు దగ్గరే పొరపాటు మొదలవుతుంది

గొట్టం ఎంత లావైతే గాలి అంత సులువుగా పోతుందన్నది సహజంగా తట్టే ఆలోచన. గాలి ఎంత పారుతుందో కొలిచే ఫ్లో బెంచ్ మీద పెట్టి చూస్తే అంకెలు కూడా అదే చెబుతాయి. కానీ ఫ్లో బెంచ్ మీద గాలి ఆగకుండా ఒకే తీరున పారుతుంది, ఇంజిన్‌లో అలా పారదు. 5,000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ సెకనుకు దాదాపు 42 సార్లు గాలి పీలుస్తుంది. క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగే ఒక్కో చక్రానికి 24 మిల్లీసెకన్లు. వాల్వ్ 240 డిగ్రీల క్రాంక్ కోణం పాటు తెరిచి ఉంటుందనుకుంటే అది 8 మిల్లీసెకన్లు, మిగతా 16 మూసి ఉంటుంది. అంటే రన్నర్‌లోని గాలి ఆగి ఉండి, పరుగు అందుకుని, మళ్లీ ఆగాలి. సెకనుకు 42 సార్లు ఇదే పని. ఈ లెక్కలో గొట్టం గుండా ఎంత గాలి పట్టగలదన్నది ఒక భాగమే. ఆ గాలి ఎంత వేగంతో వస్తోందన్నది అంతకన్నా పెద్ద భాగం.

ఇన్‌టేక్ వాల్వ్ పిస్టన్ అట్టడుగుకు చేరిన వెంటనే మూసుకోదు. ఆ తరువాత కూడా 40, 50, ఒక్కోసారి 60 డిగ్రీలకు పైగా తెరిచే ఉంటుంది. ఆ సమయంలో పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని వెనక్కి నెడుతుంటుంది. రన్నర్‌లో గాలి వేగంగా వస్తుంటే, ఆ ఊపు పిస్టన్‌కు ఎదురు నిలిచి ఇంకా కొంత గాలిని లోపలికి కుక్కుతుంది. వేగం చాలకపోతే, నిండిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. తక్కువ ఆర్‌పీఎం దగ్గర లావు గొట్టాల ఇంజిన్ నీరసంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. 86 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం), 86 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ తీసుకుందాం. దాదాపు సరిగ్గా 500 సీసీ. ఇలాంటివి నాలుగు కలిస్తే రెండు లీటర్ల ఇంజిన్. ఎన్నో కంపెనీలు ఈ కొలతలతోనే ఇంజిన్లు చేశాయి. 5,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 14.3 మీటర్లు, గరిష్ఠ వేగం దానికి 1.6 రెట్లు, అంటే సుమారు 23 మీటర్లు. 40 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న రన్నర్‌లో గాలి ఆ వేగానికి 4.6 రెట్లు పరుగెత్తాలి, ఎందుకంటే బోర్ వైశాల్యం రన్నర్ వైశాల్యానికి 4.6 రెట్లు. అలా సెకనుకు 106 మీటర్లు వస్తుంది. ఆ పరుగులోని శక్తిని ఒత్తిడిగా మార్చి చూస్తే దాదాపు 6.5 కిలోపాస్కల్స్, వాతావరణ పీడనంలో ఆరు శాతానికి పైనే. అదే గొట్టం 2,000 ఆర్‌పీఎం దగ్గర గాలికి సెకనుకు 42 మీటర్ల వేగమే ఇస్తుంది. దానికి ఒత్తిడి ఒక్క కిలోపాస్కల్. పిస్టన్ పైకి తోస్తుంటే ఆ కాస్త ఊపు ఏ మూలకూ చాలదు.

ఇప్పుడు రన్నర్‌ను 36 మిల్లీమీటర్లకు తగ్గిద్దాం. అదే 2,000 దగ్గర వేగం 52 మీటర్లకు, ఒత్తిడి 1.5 కిలోపాస్కల్స్‌కు పైకి పెరుగుతుంది. నాలుగు మిల్లీమీటర్లు తగ్గిస్తే యాభై శాతం లాభం. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి, ఊపులోని శక్తి వేగం వర్గాన్ని బట్టి మారుతాయి కాబట్టి ఆ శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో కదులుతుంది. గొట్టం లావు విషయంలో ఒక్క మిల్లీమీటరును కూడా తేలిగ్గా తీసుకోకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

సన్నగా చేయడానికీ హద్దు ఉంది. ఇదే సిలిండర్‌కు 34 మిల్లీమీటర్ల గొట్టం పెట్టి 6,500 ఆర్‌పీఎం దాకా తిప్పితే గాలి వేగం సెకనుకు 190 మీటర్లు అవుతుంది. అది ధ్వని వేగంలో సగానికి పైగా. ఆ స్థాయిలో గోడల రాపిడి, వంపుల దగ్గర నష్టం వేగం వర్గంతో పెరుగుతూ పోయి, ఊపు ఇచ్చిన లాభాన్ని మింగేస్తాయి. ఎంఐటీలో దశాబ్దాల పాటు ఇంజిన్ల మీద పనిచేసిన చార్లెస్ ఫయెట్ టేలర్ ఇదే సంగతిని వాల్వ్ దగ్గర కొలిచి చూపారు. వాల్వ్ గుండా పోయే గాలి సగటు వేగాన్ని ధ్వని వేగంతో పోల్చే సూచిక ఒకటి ఆయన వాడారు. అది 0.6 దాటాక సిలిండర్ నిండటం గట్టిగా పడిపోతుంది. కాబట్టి రన్నర్ లావును ఎంచుకునేటప్పుడు ఇంజిన్ చేరే గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గర కూడా వేగం ఎంత అవుతుందో చూసుకోవాలి. 36 మిల్లీమీటర్ల గొట్టంలో 6,000 దగ్గర అది 157 మీటర్లు, ధ్వని వేగంలో 45 శాతం. రోడ్డు మీద నడిచే ఇంజిన్‌కు ఇది చక్కగా సరిపోయే కొలత.

గొట్టంలో అలల రాకపోకలు

కొళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గోడలోని పైపు దభీమని కొట్టుకోవడం చాలామంది వినే ఉంటారు. పరుగెత్తే నీరు ఆగినచోట ఒత్తిడి పుట్టి పైపు పొడవునా ప్రయాణిస్తుంది. గాలిలోనూ అంతే. పిస్టన్ కిందికి జారగానే వాల్వ్ దగ్గర ఒత్తిడి పడిపోతుంది. ఆ తగ్గుదల ఒక అలగా రన్నర్‌లో ప్లీనమ్ వైపు ధ్వని వేగంతో వెళుతుంది. ప్లీనమ్‌లోకి తెరుచుకునే నోటి దగ్గర అది తిరగబడుతుంది: తగ్గుదలగా వెళ్లింది పెరుగుదలగా వెనక్కి వస్తుంది. ఆ పెరుగుదల వాల్వ్ మూసుకోబోయే ముందు, పిస్టన్ గాలిని వెనక్కి నెట్టబోయే సమయానికి చేరితే, వాల్వ్ దగ్గర కాసేపు చిన్న సూపర్‌చార్జర్ పెట్టినట్టే.

ఇంజిన్ వేగం మారితే క్రాంక్ డిగ్రీలకు పట్టే కాలం మారుతుంది, కానీ అల వేగం మారదు. కాబట్టి ఒక పొడవు ఒక ఆర్‌పీఎంకే సరిగ్గా కుదురుతుంది. 40 సెంటీమీటర్ల రన్నర్‌లో అల వెళ్లి రావడానికి 2.3 మిల్లీసెకన్లు పడుతుంది. 5,000 ఆర్‌పీఎం దగ్గర అది 70 డిగ్రీలకు సమానం. పిస్టన్ గట్టిగా లాగేది దాదాపు 75 డిగ్రీల దగ్గర కాబట్టి, అక్కడ పుట్టిన అల తిరిగొచ్చేసరికి పిస్టన్ అడుగు చేరబోతూ ఉంటుంది. 2,500 దగ్గర అదే అల 35 డిగ్రీల్లోనే తిరిగొస్తుంది. పిస్టన్ ఇంకా జోరుగా లాగుతున్నప్పుడే వచ్చి, అవసరమైన క్షణానికి చల్లబడిపోతుంది. క్రైస్లర్ 76 సెంటీమీటర్ల గొట్టాన్ని 2,800 దగ్గర ఇదే లెక్కకు పెడితే 74 డిగ్రీలు వస్తాయి. ఇంజిన్లు వేరైనా జవాబు దగ్గర దగ్గరగా రావడం యాదృచ్ఛికం కాదు.

అయితే పొడవు ఒక్కటే చూసే ఈ లెక్క సగం నిజమే. వాల్వ్ తెరిచి ఉన్నంతసేపు సిలిండర్, రన్నర్ కలిసి ఒకే వ్యవస్థగా ఊగుతాయి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దంలో సీసా మెడలోని గాలి బరువులా, లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తాయి. ఇక్కడ రన్నర్ మెడ, సిలిండర్ సీసా. మెడ సన్నగా, పొడవుగా ఉంటే స్వరం దిగుతుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎంగెల్‌మన్ ఈ ఆలోచన నుంచే వాడుకకు పనికొచ్చే సూత్రం తయారు చేశారు. పిస్టన్ సగం దిగినప్పుడు సిలిండర్‌లో ఉండే ఖాళీని సీసాగా తీసుకుని, ఆ వ్యవస్థ సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో కడతారు. అది క్రాంక్ సెకనుకు తిరిగే చుట్లకు రెండు రెట్లకు కాస్త పైన, సుమారు 2.1 రెట్లు, ఉన్న వేగం దగ్గర సిలిండర్ బాగా నిండుతుంది.

సూత్రాన్ని మాటల్లో చెప్పాలంటే ఇలా: రన్నర్ వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని సెంటీమీటర్ల పొడవు, సీసీల్లో సిలిండర్ పరిమాణం రెండింటి లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ అడుగున ఉన్నప్పటి ఖాళీ, పైన ఉన్నప్పటి ఖాళీకి ఎన్ని రెట్లో ఆ అంకె) లోంచి ఒకటి తీసేసినదాన్ని ఒకటి కలిపినదానితో భాగించి దానికీ వర్గమూలం తీయాలి. ఈ రెండింటినీ, సెకనుకు మీటర్లలో ధ్వని వేగాన్ని, 642 అనే అంకెను కలిపి గుణిస్తే ఆర్‌పీఎం వస్తుంది.

మన 500 సీసీ సిలిండర్‌కు కంప్రెషన్ 10, గొట్టం 40 మిల్లీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు, ధ్వని వేగం 345 అనుకుంటే జవాబు దాదాపు 5,000. పొడవును 30కి తగ్గిస్తే 5,800. వ్యాసాన్ని 34 మిల్లీమీటర్లకు తగ్గిస్తే, పొడవు మార్చకుండానే 4,270. పొడవును 55కు పెంచినా దాదాపు అదే 4,280. అంటే ఆరు మిల్లీమీటర్ల సన్నదనం పదిహేను సెంటీమీటర్ల పొడవు చేసే పని చేసింది. ఆర్‌పీఎం వ్యాసంతో నేరుగా మారుతుంది, పొడవు వర్గమూలంతోనే మారుతుంది. 40 మిల్లీమీటర్ల గొట్టంతోనే శిఖరాన్ని 5,000 నుంచి 2,500కు దించాలంటే పొడవు నాలుగింతలు, అంటే 160 సెంటీమీటర్లు కావాలి. అంత గొట్టాన్ని బానెట్ కింద ఎక్కడ పెడతాం?

అందుకే ముందు లావు తేల్చుకుని తరువాత పొడవు చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. చాలామంది దొరికిన గొట్టంతో మొదలుపెట్టి, దాన్ని ఎంత పొడవు కోయాలా అని ఆలోచిస్తారు. తలకిందుల పద్ధతి అది. మన ఇంజిన్‌కు శిఖరం 3,800 దగ్గర కావాలనుకోండి. 40 మిల్లీమీటర్ల గొట్టమైతే 70 సెంటీమీటర్లు కావాలి. 36 అయితే 57, 34 అయితే 50 సరిపోతాయి. 34ను పైస్థాయి వేగం అడ్డుకుంటుంది, 40 కింది స్థాయిలో నీరసపడుతుంది. 36 మిల్లీమీటర్లు, 57 సెంటీమీటర్లు ఈ ఇంజిన్‌కు కుదిరే జోడీ. 3,800 దగ్గర దానిలో గాలి వేగం సెకనుకు దాదాపు 99 మీటర్లు, ఊపు అందాల్సిన చోటే అందుతోంది.

ఈ పొడవును వాల్వ్ నుంచి ప్లీనమ్ నోటి దాకా కొలవాలి. సిలిండర్ హెడ్ లోపలి పోర్టు ఇందులో భాగమే. పోర్టు పది సెంటీమీటర్లు ఉంటే బయట కట్టాల్సింది 47 మాత్రమే. వంపు తిరిగిన గొట్టాన్ని మధ్యరేఖ వెంట కొలవాలి. గొట్టం ఒకచోట లావు, ఒకచోట సన్నం అయితే లోపలి మొత్తం ఘనపరిమాణాన్ని పొడవుతో భాగించి సగటు వైశాల్యం తీసుకోవచ్చు. నాలుగు వాల్వుల హెడ్‌లో పోర్టు రెండుగా చీలితే రెండు పాయల వైశాల్యాన్నీ కలిపి లెక్కించాలి. అల సరిగ్గా నోటి దగ్గరే తిరగబడదు, కాస్త బయటికి పోయి తిరుగుతుంది. 36 మిల్లీమీటర్ల గొట్టానికి ఇది సుమారు 11 నుంచి 15 మిల్లీమీటర్లు, నోటి చుట్టూ గోడ ఉందా లేదా అన్నదాన్ని బట్టి. గొట్టం నోరు పదునుగా కోసినట్టు ఉండకూడదు. గన్నేరు పువ్వులా విచ్చుకుని ఉంటే గాలి గోడను అంటుకుని లోపలికి జారుతుంది. పదును అంచు దగ్గర అది విడిపోయి సుడులు తిరుగుతుంది, దాంతో గొట్టం ఉన్నదానికన్నా సన్నబడినట్టే అవుతుంది.

వేడి సంగతి చాలామంది మరిచిపోతారు. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతే, 60 డిగ్రీల గాలిలో 366 మీటర్లు పోతుంది. 5,000కు కుదిర్చిన రన్నర్ ఇంజిన్ వేడెక్కాక 5,300 దాటి కుదురుతుంది. అంతకన్నా బాధాకరమైనది, వేడెక్కిన గాలి పలచబడి అసలు బరువే తగ్గడం. రన్నర్‌కు హెడ్ వేడి తగలకుండా మధ్యలో ఉష్ణనిరోధక పలక పెట్టడం పొడవును సెంటీమీటరు సవరించడం కన్నా విలువైన పని.

వాల్వ్ మూసుకున్నాక కూడా గొట్టంలో అల ఆగదు. మూసిన వాల్వ్‌కూ తెరిచిన నోటికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూ, ప్రతి రాకపోకకూ గుర్తు మార్చుకుంటూ బలహీనపడుతుంది. వాల్వ్ మళ్లీ తెరిచే వేళకు అది పెరుగుదలగా ఉంటే కాస్త లాభం, తగ్గుదలగా ఉంటే కాస్త నష్టం. టార్క్ గీతలో కనిపించే చిన్న చిన్న గుట్టలు, పల్లాల్లో కొన్ని దీనివే. ముఖ్య శిఖరంతో పోలిస్తే ఇవి చిన్నవి, మొదటి డిజైన్‌లో వీటి వెంట పడనక్కర్లేదు.

రన్నర్ ఒంటరిగా ఏమీ సాధించలేదు. వాల్వ్‌ను ఆలస్యంగా మూసే రేసింగ్ క్యామ్ ఉన్న ఇంజిన్‌కు పొడవాటి రన్నర్ కడితే, రన్నర్ 3,500 దగ్గర సాయం చేయబోతుంది, క్యామ్ అదే వేగం దగ్గర గాలిని వెనక్కి వదిలేస్తుంది. రెండింటి లక్ష్యం ఒకే వేగం కావాలి. ఎగ్జాస్ట్ గొట్టాలకూ ఇదే వర్తిస్తుంది. ప్లీనమ్ మరీ చిన్నదైతే అలకు అది తెరిచిన నోరులా కనిపించదు, ఒక సిలిండర్ లాగుతుంటే పక్క సిలిండర్ వాటా తగ్గుతుంది. మరీ పెద్దదైతే థ్రోటల్ నొక్కాక స్పందన మందగిస్తుంది. ఇంజిన్ మొత్తం పరిమాణానికి దగ్గరగా ఉన్న ప్లీనమ్‌తో మొదలుపెట్టడం మంచిది.

ఒక పొడవు ఒక వేగానికే కుదురుతుందన్న ఈ కట్టడిని తప్పించుకోవడానికి ఇంజినీర్లు పడ్డ పాట్లు నాకు ఎప్పటికీ ఆసక్తికరమే. 1989 ఫోర్డ్ టారస్ ఎస్‌హెచ్‌ఓలో యమహా చేసిన వీ6 ఇంజిన్‌కు ఒక్కో సిలిండర్‌కు రెండేసి రన్నర్లు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. పై ఆర్‌పీఎంలోనే పొట్టివి తెరుచుకుంటాయి. టయోటా 4ఏ-జీఈ ఇంజిన్‌లోని టీ-విస్ మరో దారి పట్టింది: ఒక్కో సిలిండర్‌కు ఉన్న రెండు పాయల్లో ఒకదాన్ని తక్కువ వేగం దగ్గర మూసేస్తుంది. అక్కడ మారేది పొడవు కాదు, లావు. బీఎండబ్ల్యూ 2001లో తెచ్చిన ఎన్62 వీ8లో లోపల తిరిగే చక్రాల సాయంతో పొడవు ఆగకుండా మారుతూ ఉంటుంది. 1991లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన మాజ్దా 787బీ నాలుగు రోటర్ల ఇంజిన్‌లో గొట్టాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ వేగాన్ని బట్టి పొట్టివీ పొడవువీ అయ్యేవి. ఫార్ములా వన్ కార్లలోనూ ఇలాంటి కదిలే గొట్టాలు ఉండేవి. 2006లో 2.4 లీటర్ల వీ8 నిబంధనలతో వాటిని నిషేధించారు.

మారే గొట్టం చేసుకునే వీలు లేనివారు ఒక్క వేగాన్ని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక నిజాయితీగా జరగాలి. ఇంజిన్ గరిష్ఠ పవర్ 6,500 దగ్గర అన్న అంకె బాగుంటుంది. కానీ ఆ బండి జీవితంలో ఎక్కువ భాగం 2,500కూ 4,500కూ మధ్య నడిస్తే, అక్కడ పోగొట్టుకున్న ఇరవై న్యూటన్ మీటర్లు ప్రతి మలుపు దాటాకా తెలుస్తాయి. గేర్లు మార్చినప్పుడు ఇంజిన్ ఏ ఆర్‌పీఎంకు పడిపోతుందో చూసి, ఆ వేగం నుంచి పై హద్దు దాకా ఉన్న మేర మొత్తాన్నీ పోల్చాలి. శిఖరం ఎంత ఎత్తుందన్నది దాని తరువాతే.

సూత్రం ఇచ్చే జవాబుకూ, టార్క్ కొలిచే యంత్రమైన డైనో మీద కనిపించేదానికీ కొంత తేడా ఎలాగూ ఉంటుంది. కాబట్టి పరీక్షకు కట్టే మొదటి మ్యానిఫోల్డ్‌లో, అంటే ప్లీనమ్, రన్నర్లు కలిసిన భాగంలో, రన్నర్‌ను రెండు ముక్కలుగా చేసి, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న గొట్టం తునకలు పెట్టడానికీ తీయడానికీ వీలుంచుకోవడం మేలు. లెక్కకన్నా కాస్త పొడవుగానే మొదలుపెట్టాలి. కోసి తగ్గించడం సులువు, అతికి పెంచడం కష్టం. ప్రతి పొడవు దగ్గరా ఇంధనం, ఇగ్నిషన్ అమరికలను మళ్లీ సరిచూసుకున్నాకే టార్క్ కొలవాలి. ఎక్కువ గాలి చిక్కిన చోట పాత ఇంధనం లెక్క చాలదు. మిశ్రమం పలచబడి టార్క్ తగ్గితే, తప్పు పొడవుదని భ్రమపడి మంచి రన్నర్‌ను పక్కన పెట్టే ప్రమాదం ఉంది.